గోడకు కట్టిన నంబరు

నేను టెలిఫోన్ పనిలో చేరిన రోజుల్లో నంబరంటే ఓ జత రాగి తీగ. తీగలన్నీ వచ్చి చేరే ఎం.డి.ఎఫ్. గదిలో క్రోన్ బ్లాకు మీద జంపర్ వైరు ఎక్కడ గుచ్చితే ఆ నంబరు అక్కడే మోగేది. మేనేజరు గారు పక్క గదికి మారితే మేం టూలు పట్టుకుని వెళ్లాలి. పాతది పీకి, కొత్తది గుచ్చి, కార్డులో పెన్సిలుతో దిద్దుకోవాలి.

ఇంటర్నెట్ ఫోన్లొచ్చినా ఆ అలవాటు మమ్మల్ని వదల్లేదు. 1999లో అలబామాలో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఆస్టరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేరునే మేం వాడేవాళ్లం. ఇంటర్నెట్ ఫోన్ల కాల్స్ కలిపే పద్ధతి పేరు సిప్. ఆస్టరిస్క్ సిప్ ఫైల్లో ప్రతి ఫోనుకూ 'హోస్ట్' అనే వరుస ఉండేది. అక్కడ ఫోను ఐపీ అడ్రసు చేత్తో రాసిపెట్టేవాణ్ణి. తీగ పోయింది గానీ గుచ్చడం పోలేదు.

ఓ ఆఫీసులో రౌటరు మార్చారు, దాంతో లోపలి అడ్రసులన్నీ మారిపోయాయి. సోమవారం పొద్దున ఒక్క ఫోనూ మోగలేదు. నా ఫైల్లో పాత అడ్రసులే ఉన్నాయి. ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్లి, ఫోను మెనూ తెరిచి, కొత్త అడ్రసు కాగితం మీద రాసుకుంటూ తిరిగాను. సాయంత్రమైంది. మర్నాడు ఆ అడ్రసులన్నీ కొట్టేసి, 'హోస్ట్' ఎదురుగా 'డైనమిక్' అని రాశాను, అంటే ఇక తన అడ్రసు ఫోనే చెప్పుకోవాలి.

ఈ దారి కొత్తదేం కాదు. షుల్జ్‌రిన్నె, హ్యాండ్లీ, స్కూలర్, రోజెన్‌బర్గ్ కలిసి రాసిన సిప్ తొలి ప్రమాణంలోనే, అంటే 1999 మార్చి నాటికే, 'రిజిస్టర్' అనే సందేశం ఉంది. 2002 జూన్‌లో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 3261 అనే ప్రమాణంలోనూ ఉంది. ఊరు చేరగానే క్షేమంగా చేరామని ఇంటికి కార్డు ముక్క రాసేవాళ్లం చూడండి, అదే పద్ధతి. ఫలానా నంబరుని, ఇప్పుడీ అడ్రసులో ఉన్నానని ఫోనే సర్వరుకు చెబుతుంది. సర్వరు వెంటనే నమ్మదు, 401 అని తిప్పి పంపుతుంది. పాస్‌వర్డు తెలుసని ఫోను రుజువు చేసుకున్నాకే రాసుకుంటుంది. ఆ రాత కూడా శాశ్వతం కాదు, చాలాచోట్ల 3600 సెకన్లే. గడువు లోపల ఫోను మళ్లీ చెప్పాలి. ప్లగ్గు పీకేస్తే గడువు తీరాక ఆ రాత దానంతటదే చెరిగిపోతుంది. నా పెన్సిలు కార్డుకు ఆ గుణం ఎన్నడూ లేదు.

అలాగని పాత పద్ధతి పనికిరాదని నేననను. రెండు బ్రాంచీల సర్వర్లను కలిపే ట్రంకుకు నేటికీ స్థిరమైన అడ్రసే రాస్తాను, ఎందుకంటే ఆ సర్వర్లు కదిలేవి కావు. పైగా ముక్కూమొహం తెలియనివాడు మరో అడ్రసు నుంచి వస్తే సర్వరు లోపలికి రానివ్వదు. రిజిస్ట్రేషన్‌లో కాపలా అంతా పాస్‌వర్డుదే. 201 నంబరుకు 201 అనే పాస్‌వర్డు పెడితే, ఎక్కడో కూర్చున్నవాడు మీ ఫోనునని చెప్పుకుని రాత్రంతా విదేశాలకు మాట్లాడతాడు, బిల్లు మీకొస్తుంది. మీ ఆఫీసులో అలాంటి నంబరు ఒక్కటున్నా ఈ రోజే మార్చండి.