త్రాగుడు వ్యసన చికిత్స చరిత్రలో సంఘము, వైద్యము

త్రాగుడుకు బానిసైన మనిషిని పాపి అనవలెనా, రోగి అనవలెనా అనే ప్రశ్న మన సంఘ కమిటీలలో తరచు వచ్చేదే. పెద్దలు పాపి అంటారు, డాక్టరు రోగి అంటాడు, అతని భార్య ఏమీ అనదు. సామెతల గ్రంథము 23వ అధ్యాయము చివరి వచనములు చదివినవారికి ఈ రెండు మాటలూ ఒకే మనిషిని గూర్చినవని తోచక మానదు. అక్కడ హెచ్చరికయు ఉన్నది, ఎర్రబడిన కండ్లు మొదలుకొని మెలకువ రాగానే మరల పాత్రను వెదకుట వరకు లక్షణముల వర్ణనయు ఉన్నది. ఈ ప్రశ్నను మేము ఇక్కడ వేదాంత చర్చగా గాక చరిత్రగా చూడదలచాము. ఎందుకనగా, గడచిన రెండు వందల ఏండ్లలో ఈ వ్యసనమునకు చికిత్స వెదకినవారిలో వైద్యులతో పాటు సేవకులును ఉన్నారు. ఈ సంగతి మన వేదాంత కళాశాలలలో అంతగా బోధింపబడుట లేదు.

త్రాగుడును వ్యాధిగా మొదట వివరించినవారిలో ముఖ్యుడు ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసినవారిలో ఒకడైన ఈయన 1784లో ఘాటైన సారాయి మనిషి దేహమునకు, మనస్సునకు చేసే హానిని గూర్చి ఒక పుస్తకము ప్రచురించాడు. ఇరవై ఏండ్ల తరువాత, 1804లో, బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు థామస్ ట్రాటర్ త్రాగుడు అలవాటు మనస్సుకు సంబంధించిన వ్యాధియని వ్రాశాడు. ఆ రోజులలో ఈ మాట చాలామంది బోధకులకు రుచించలేదు. వ్యాధి అంటే బాధ్యత పోతుందని వారి భయము. ఆ భయము నేటికిని పోలేదు.

1840 ఏప్రిల్‌లో బాల్టిమోర్ నగరములో ఒక సారాయి దుకాణమున కూర్చున్న ఆరుగురు త్రాగుబోతులు ఇక త్రాగమని ఒట్టు పెట్టుకొని వాషింగ్టన్ పేరిట ఒక సమాజము స్థాపించారు. వారు చేసినది ఒకటే: బోధకుని ప్రసంగమునకు బదులు, త్రాగుడు మానినవాడు త్రాగుచున్నవానికి తన కథ చెప్పుట. మన మాటలో ఇది సాక్ష్యము. 1842 ఫిబ్రవరి 22న స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఒక ప్రెస్బిటేరియన్ చర్చిలో ఈ సమాజము వారి ఎదుట అబ్రహాము లింకను మాటలాడుతూ, త్రాగుబోతును దూషించి ఎవరూ బాగుచేయలేరని, అట్టివారికి తామెంతో మేలైనవారమని క్రైస్తవులు తలంచుట తగదని గట్టిగానే చెప్పాడు. లక్షలమంది ఒట్టు పెట్టుకున్నారు గాని పదేండ్లు తిరుగక మునుపే ఆ సమాజము కరిగిపోయింది. ఒట్టు వేయించుట తేలిక, మరుసటి సోమవారము అతని ప్రక్కన ఎవరుంటారన్నదే కష్టము. మన ఉజ్జీవ కూటములలో చేతులెత్తించి తీర్మానము చేయించేవారు ఈ పదేండ్ల చరిత్రను ఒకసారి చదువవలెను.

తరువాత వచ్చిన త్రాగుబోతుల ఆసుపత్రులను గూర్చి, బంగారు మందు పేరిట 1879 నుండి ఇల్లినాయిలో కీలీ అనే వైద్యుడు నడిపిన వ్యాపారమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. అయితే 1872లో న్యూయార్కు వాటర్ స్ట్రీట్‌లో జెర్రీ మెకాలే అనే మారిన ఖైదీ తెరచిన రక్షణ గృహము, 1906లో బోస్టను ఇమ్మానుయేలు ఎపిస్కోపల్ చర్చిలో ఎల్వుడ్ వూస్టర్ అనే కాపరి వైద్యులతో కలిసి ఆరంభించిన సేవ మరువరానివి. వూస్టరు వద్దకు వచ్చినవానిని ముందు వైద్యుడు పరీక్షించేవాడు, తరువాతనే కాపరి మాటలాడేవాడు. ఈ వరుసను జ్ఞాపకముంచుకొనుడి. ఆ తరువాత మన సంఘములు తప్పినది ఈ వరుసనే.

ఇక ముఖ్యమైన ఘట్టమునకు వద్దాము. 1930లలో ఫ్రాంక్ బుక్‌మన్ అనే లూథరను సేవకుడు నడిపించిన ఆక్స్‌ఫర్డు గ్రూపు పాప ఒప్పుకోలు, నష్టపరిహారము, ఉదయ ధ్యానము, ఇతరులకు సాక్ష్యమిచ్చుట అనువాటిని నొక్కి చెప్పేది. ఎబ్బీ అనే పాత స్నేహితుని ద్వారా ఈ గ్రూపు మాట బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి చెవిని పడింది. 1934 డిసెంబరులో అతడు న్యూయార్కు టౌన్స్ ఆసుపత్రిలో నాలుగవసారి చేరాడు. అక్కడ ఒక రాత్రి గది అంతయు వెలుగుతో నిండినట్లు అతనికి అనుభవమయింది. అతనికి ఆ దినములలో బెల్లడోనా మందు ఇస్తున్నందున అది మందు ప్రభావమేనని విమర్శకులంటారు. మాకు ఆ వాదములో పెద్ద ఆసక్తి లేదు. అతడు మరల త్రాగలేదు, 1971లో మరణించే వరకు త్రాగలేదు. వైద్యుడు సిల్క్‌వర్త్ అతని అనుభవమును కొట్టివేయక పట్టుకొనియుండుమని చెప్పుట ఆ వైద్యుని జ్ఞానము.

1935 మే నెలలో విల్సన్ వ్యాపార పనిపై ఒహాయోలోని ఆక్రన్‌కు వెళ్లాడు. పని చెడింది. మేఫ్లవర్ హోటలులో ఒక ప్రక్క బారు, మరొక ప్రక్క చర్చీల పేర్లున్న పట్టిక, దగ్గరనే టెలిఫోను. అతడు వాల్టర్ టంక్స్ అనే ఎపిస్కోపల్ కాపరికి ఫోను చేసి, మాటలాడుటకు మరొక త్రాగుబోతు కావలెనని అడిగాడు. ఈ వింత మనవిని ఆ కాపరి నవ్వి కొట్టివేయలేదు, కొందరి పేర్లు ఇచ్చాడు. ఆ పేర్ల వెంట వెళ్లగా హెన్రియెట్టా సైబర్లింగ్ అనే విశ్వాసురాలు దొరికింది, ఆమె ద్వారా మే 12న డాక్టర్ బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు. పదిహేను నిమిషములు మాత్రమే ఉంటానని వచ్చిన డాక్టరు కొన్ని గంటలు కూర్చున్నాడు. ఆయన చివరిసారి త్రాగిన దినముగా చెప్పబడే జూన్ 10ని ఆల్కహాలిక్స్ అనానిమస్ సహవాసము తన పుట్టిన దినముగా లెక్కించుకొంటుంది. ఆ ఉదయము ఆయన ఆపరేషను చేయవలసియుండగా చేతులు వణికినవి. వణుకు ఆగుటకు విల్సనే ఆయనకు ఒక బీరు సీసా ఇచ్చాడు. ఈ చిన్న సంగతిని ప్రసంగములలో వదలివేస్తారు గాని మా దృష్టిలో అది ముఖ్యము. దేహము మద్యమునకు అలవాటుపడిన తరువాత దానిని ఒక్కసారిగా తీసివేయుట వేరే విషయమని ఆ ఇద్దరికి తెలుసు.

ఆక్రన్‌లోని ఆ తొలి కూటములవారు యాకోబు పత్రికను మిక్కిలిగా చదివేవారు. తమ సహవాసమునకు ఆ పేరే పెట్టుదమని కొందరు తలంచారు. 1937లో న్యూయార్కువారు, 1939లో ఆక్రన్‌వారు ఆక్స్‌ఫర్డు గ్రూపు నుండి విడిపోయారు. గ్రూపు కోరిన సంపూర్ణ పరిశుద్ధత త్రాగుబోతుకు మోయలేని బరువయ్యెను, గ్రూపుకు ప్రచారము కావలెను, త్రాగుబోతుకు పేరు దాచుకొనుట కావలెను. 1939లో వెలువడిన పుస్తకములోని పన్నెండు మెట్లలో దేవుని పేరుండెను గాని ఆయనను ఎవరు ఎరిగినట్లు వారు నమ్మవచ్చునని విడిచిపెట్టిరి. ఇది సువార్తను పలుచన చేయుటయని మన వేదాంత పండితులు కొందరు ఆక్షేపిస్తారు. ఆ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. కాని సంఘము తలుపు వేసికొన్నచోట వారు తలుపు తెరచిరని కూడ అదే నోటితో చెప్పవలెను.

ఆ తలుపులలో ఒకదాని ప్రక్కన ఇగ్నేషియా అనే కతోలిక సన్యాసిని నిలిచింది. ఆక్రన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో రోగులను చేర్చుకొనుట ఆమె పని. త్రాగుబోతులకు పడకలిచ్చుట ఆ కాలపు ఆసుపత్రులకు ఇష్టము లేదు. 1939 ఆగస్టులో డాక్టర్ బాబ్ పంపిన రోగిని ఆమె కడుపు వాపు అని వ్రాసి చేర్చుకొని, పువ్వులు సర్దే గదిలో ఉంచింది. 1950లో డాక్టర్ మరణించేనాటికి ఆ ఇద్దరి చేతుల మీదుగా సుమారు 5,000 మంది వెళ్లిరని చెప్తారు. వెళ్లేవారికి ఆమె ఒక చిన్న పతకమిచ్చి, మరల త్రాగబోయే ముందు దానిని తెచ్చి తనకు అప్పగించవలెనని చెప్పేది.

వైద్యము వైపు చూస్తే 1948 ముఖ్యమైన సంవత్సరము. డెన్మార్కులో హాల్డ్, యాకబ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు కడుపులోని పురుగులకు పరీక్షించుచున్న డైసల్ఫిరామ్ అనే మందు వేసుకొని, తరువాత మద్యము త్రాగగా తీవ్రముగా అస్వస్థులైరి. ఆ విధముగా మొదటి మందు దొరికెను. మన ఊళ్లలో ఈ మాత్రను భర్తకు తెలియకుండ అన్నములో కలిపి పెట్టే వాడుక ఉన్నది. సంఘ స్త్రీలు కాపరిని అడిగినప్పుడు వద్దని చెప్పుట మన విధి. తెలియక త్రాగినవాని రక్తపోటు పడిపోవచ్చును, గుండె దెబ్బతినవచ్చును. 1956లో అమెరికా వైద్య సంఘము త్రాగుబోతులు ఆసుపత్రులలో చికిత్సకు అర్హులైన రోగులని తీర్మానించింది. 1994లో నాల్ట్రెక్సోన్, 2004లో అకాంప్రొసేట్ అనే మందులకు ఆ దేశములో త్రాగుడు చికిత్స కొరకు అనుమతి వచ్చింది.

మత్తుమందుల విషయములో ఒకే నగరము రెండు జవాబులిచ్చింది. 1958లో పెన్సిల్వేనియా గ్రామ కాపరి డేవిడ్ విల్కర్సన్ న్యూయార్కు వీధులకు వెళ్లి టీన్ ఛాలెంజ్ పరిచర్యకు పునాది వేశాడు. ఆ కథను మన విశ్వాసులు చాలామంది ఎరుగుదురు. అదే నగరములో 1965లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే వైద్యులు హెరాయిన్‌కు బానిసలైన 22 మందికి మెథడోన్ ఇచ్చి, వారు పనులకు, చదువులకు మరలిరని ప్రకటించారు. ఈ రెండవ కథను మన బల్లలపై ఎవరును చెప్పరు. ఒక మత్తుకు బదులు మరొక మత్తు కదా అని తీసివేస్తారు. అయితే ఈ మందు మరణములను తగ్గించునని తరువాతి పరిశోధనలు పదే పదే చూపినవి. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెథడోన్‌ను, బుప్రెనార్ఫిన్‌ను అత్యవసర మందుల పట్టికలో చేర్చింది. బ్రదికియున్నవానికే మారుమనస్సును గూర్చి చెప్పగలము.

మన దేశమునకు ఆల్కహాలిక్స్ అనానిమస్ 1957లో వచ్చింది. 1980లో మద్రాసులో శాంతి రంగనాథన్ తన భర్త జ్ఞాపకార్థము స్థాపించిన చికిత్సా సంస్థ దక్షిణ భారతములో మార్గదర్శి అయింది. తెలుగు నేల మీద కథ వేరు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన స్త్రీలు సారా దుకాణము మూయించిరి. ఆ ఉద్యమము జిల్లాలు దాటి 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చెను. 1997లో ఆ రెండవది సడలింపబడెను. ఆ స్త్రీల ధైర్యమును తక్కువ చేయువారము కాము. కాని దుకాణము మూసినప్పుడు త్రాగేవాని దేహము ఏమగునని అడిగినవారు తక్కువ. అందుకు జవాబు 2015 సెప్టెంబరులో తెలంగాణలో కనబడెను. మత్తు రసాయనములు కలిపిన కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగగా, నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతములలో కల్లుకు అలవాటుపడినవారు వణుకుతో, మూర్ఛలతో, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు చేరిరి.

ఇది మన ఉపవాస కూటములకు సూటిగా తగిలే విషయము. ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగినవానిని బంధువులు పట్టుకొని వచ్చి, మూడు దినములు అన్నపానములు లేకుండ ప్రార్థనలో కూర్చుండబెట్టుట మన ప్రాంతములో మామూలే. వైద్య గ్రంథములు చెప్పునదేమనగా, చివరి త్రాగుడు తరువాత 6 నుండి 48 గంటలలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములలో కలవరింత, లేనివి కనబడుట, జ్వరము, చెమటలతో కూడిన స్థితి రావచ్చును. చికిత్స లేనిచో అది ప్రాణము తీయగలదు. అట్టివాని దేహములో థయామిన్ అనే విటమిను ముందే తక్కువ, ఉపవాసము దానిని ఇంకను తగ్గించును. ఆ కలవరింతను దయ్యము పట్టుటగా ఎంచి గద్దించుట కంటె అపాయకరమైనది మరొకటి లేదు. ఆసుపత్రిలో ఒక వారము మందులతో గడిపిన తరువాత అదే మనిషి ప్రార్థనకు వచ్చినయెడల ప్రార్థన తక్కువగాదు.

కేంద్ర ప్రభుత్వము ఎయిమ్స్ ద్వారా చేయించి 2019లో వెలువరించిన సర్వే ప్రకారము మన దేశములో సుమారు 16 కోట్లమంది మద్యము త్రాగుచున్నారు, వారిలో 5.7 కోట్లమందికి సహాయము అవసరము. మద్యమునకు బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 27 అధ్యయనములను, 10,565 మందిని పరిశీలించి, పన్నెండు మెట్ల సహవాసమునకు క్రమపద్ధతిలో జతపరచే చికిత్స, పూర్తిగా మానియుండు విషయములో ఇతర మానసిక చికిత్సలకంటె మెరుగైనదని తేల్చింది. ఒకప్పుడు సంఘము నుండి బయలుదేరిన పద్ధతికి ఆసుపత్రి పరిశోధకులే యోగ్యతాపత్రమిచ్చిరి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యము, మత్తుమందుల దుర్వినియోగమునకు సంబంధించిన స్థితులను మానసిక వ్యాధి నిర్వచనములో చేర్చింది. అట్టివారిని చేర్చుకొని చికిత్స చేసే గృహములు రిజిస్టరు కావలసియున్నది, రోగిని గొలుసులతో కట్టుట నిషేధము. సంఘము పేరిట అట్టి గృహము నడుపు సేవకులు కలెక్టరేటుకు వెళ్లక మునుపు ఈ చట్టమును ఒకసారి చదువుకొనవలెను, దగ్గరి ప్రభుత్వాసుపత్రిలోని మానసిక వైద్యుని పరిచయము చేసికొనవలెను.