బంజరు కాని నేల: కలివికోడి చరిత్ర – ప్రభుత్వ బాధ్యత

వ్యాససంగ్రహం:

కడప జిల్లా లంకమల కొండల అడుగున ఉన్న ముళ్లపొదల నేల కలివికోడికి ఆవాసం. ఈ పక్షి శాస్త్రలోకానికి పరిచయమైన 1848 నుండి నేటివరకు గల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పక్షి క్షీణతకు వేట కన్నా, దాని ఆవాసాన్ని పాలనా వ్యవస్థ ‘నిరుపయోగ భూమి’గా పరిగణించడమే ప్రధాన కారణమని ప్రతిపాదిస్తుంది. ఆ దృష్టిని మార్చుకుని, చిట్టడవిని పునరుద్ధరించవలసిన బాధ్యత ప్రభుత్వంపై ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కలివికోడి, లంకమల, చిట్టడవి, బంజరు, తెలుగుగంగ, ఆవాస పునరుద్ధరణ.

1. ఉపోద్ఘాతం

వన్యప్రాణి సంరక్షణ అనగానే పులి, ఏనుగు, దట్టమైన అడవి మన మనసులో మెదులుతాయి. రేగు, తుమ్మ, కలివి పొదలు పలచగా పెరిగిన రాళ్లనేలను అడవిగా ఊహించుకోవడం మనకు అలవాటు లేదు. కలివికోడి బ్రతికేది సరిగ్గా అటువంటి నేలలోనే. పేరులోనే దాని చిరునామా ఉంది. గోధుమరంగు దేహం, రొమ్ముపై రెండు పట్టీలు గల ఈ చిన్న పక్షి పగలంతా పొదల నీడలో కదలక ఉండి, రాత్రివేళ పురుగులను ఏరుకుని తింటుంది. ప్రపంచంలో మరే దేశంలోనూ ఇది కనిపించదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య దీనిని ‘అత్యంత ప్రమాదస్థితి’లో ఉన్న జాతిగా గుర్తించింది.

2. నమోదు, మరుగు, పునర్దర్శనం

మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డాన్ సేకరించిన నమూనా ఆధారంగా ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో ఈ పక్షిని శాస్త్రీయంగా వర్ణించాడు. ఆ తరువాత గోదావరి, పెన్నా పరీవాహక ప్రాంతాలలో కొద్దిసార్లు మాత్రమే ఇది కనిపించింది. 1900లో అనంతపురం ప్రాంతంలో హోవర్డ్ క్యాంప్‌బెల్ చూసిన తరువాత ఎనభై ఆరేళ్లపాటు దీని జాడ గ్రంథస్థం కాలేదు. పక్షిశాస్త్రజ్ఞులు ఇది అంతరించిపోయి ఉంటుందని భావించారు.

1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పరిశోధకుడు భరత్ భూషణ్ అన్వేషణ ఫలించి, సిద్ధవటం సమీపంలోని రెడ్డిపల్లె వద్ద కలివికోడి మళ్లీ వెలుగులోకి వచ్చింది. దానిని రాత్రివేళ పట్టి చూపినవాడు ఒక స్థానిక వేటగాడు. పుస్తకాలలో లేకుండా పోయిన పక్షి ఆ నేలను ఎరిగినవారి దృష్టి నుండి పోలేదన్నమాట. స్థానికుల జ్ఞానాన్ని సంరక్షణ ప్రణాళికలో భాగం చేయవలసిన అవసరం ఈ సంఘటనలోనే కనిపిస్తుంది. 1988లో ప్రభుత్వం సుమారు 464 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో శ్రీ లంకమల్లేశ్వర వన్యప్రాణి అభయారణ్యాన్ని ఏర్పాటు చేసింది.

3. కాలువ నేర్పిన పాఠం

అభయారణ్యం ప్రకటనతో సమస్య తీరలేదు. అభయారణ్యంలో అధికభాగం కొండలు, అడవులు. పక్షికి అనువైన పలచని పొదలు కొండల అడుగున, అంచులలో ఉన్నాయి. అక్కడే ఊళ్లు, పొలాలు, తోటలు మొదలవుతాయి. 1991–2000 మధ్యకాలపు ఉపగ్రహ చిత్రాల విశ్లేషణలో ఈ ప్రాంతపు చిట్టడవి తగ్గి, సాగుభూమి పెరిగినట్లు తేలింది.

శ్రీశైలం నుండి కృష్ణా జలాలను రాయలసీమ, నెల్లూరు ప్రాంతాల మీదుగా చెన్నైకి చేర్చే తెలుగుగంగ కాలువ ఈ నేలకు చేరువగా సాగింది. 2005లో కాలువ పనుల కోసం యంత్రాలు పక్షి ఆవాసంలోకి ప్రవేశించి, కొంత భాగాన్ని ధ్వంసం చేశాయి. పరిశోధకుల అభ్యంతరాలతో వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ వరకు వెళ్లింది. చివరకు కాలువ మార్గాన్ని మార్చారు. ఆవాసం కోసం అదనపు భూమి సేకరణకు ప్రభుత్వం పూనుకుంది.

కరువుసీమకు నీరు ఎంత అవసరమో ఈ ప్రాంతం గురించి తెలిసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. నీటినీ పక్షినీ ప్రత్యర్థులుగా నిలబెట్టడం సరికాదు. మార్గం మార్చిన తరువాత కూడా కాలువ కాలువగానే ఉంది. పక్షి ఉనికి 1986 నుండే తెలుసు కనుక, ఆ మార్పును తవ్వకానికి ముందే చేసి ఉండవచ్చు. జరిగిన నష్టానికి మూలం నీటి అవసరం కాదు, ముందుచూపు లేకపోవడం.

4. ‘నిరుపయోగ భూమి’ అనే భావన

ఈ ముందుచూపు ఎందుకు కొరవడింది? వలసపాలన కాలం నుండి మన రెవెన్యూ పరిభాష భూమిని ప్రధానంగా శిస్తు దృష్టితో చూసింది. పంట పండనిది బంజరు అయింది. ఈ దృష్టి స్వాతంత్ర్యానంతరం కూడా కొనసాగింది. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన సంస్థ సహకారంతో కేంద్ర భూవనరుల శాఖ ప్రచురించే నిరుపయోగ భూముల పటావళిలో పొదలతో కూడిన భూములు నేటికీ ఒక వర్గం. పటంలో నిరుపయోగమని గుర్తించిన నేలను కాలువకో, తోటకో, పరిశ్రమకో కేటాయించడం ఏ అధికారికీ తప్పుగా తోచదు.

ఈ నేలలో చెట్లు నాటి ‘పచ్చగా’ మార్చడమూ ప్రమాదమే. లంకమలలో పి. జగన్నాథన్, ఆయన సహచరులు మెత్తని మట్టిపట్టీలపై పాదముద్రలను గుర్తించే పద్ధతితో చేసిన పరిశోధన ఈ విషయంలో కీలకమైనది. హెక్టారుకు రెండు మీటర్లకు మించిన పొదలు 300 నుండి 700 వరకు ఉన్నచోట కలివికోడి కనిపించే అవకాశం ఎక్కువని వారు కనుగొన్నారు. పొదలు పూర్తిగా నరికితే పక్షికి చాటు ఉండదు. మరీ దట్టమైతే తిరుగాడే చోటు ఉండదు. పశువుల మేత, వంటచెరకు సేకరణ ఒక మితంలో సాగినప్పుడే ఈ సమతుల్యం నిలుస్తుంది. కాబట్టి కంచె వేసి కాపరులను తరిమివేయడం పరిష్కారం కాజాలదు.

5. ప్రభుత్వం చేయవలసినది

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 48ఏ అధికరణం అడవులను, వన్యప్రాణులను కాపాడే బాధ్యతను రాజ్యానికి అప్పగించింది. ఆ బాధ్యత కలివికోడి విషయంలో నాలుగు కార్యాచరణల రూపం దాల్చాలి.

మొదటిది, చిట్టడవిని నిరుపయోగ భూముల జాబితా నుండి తొలగించి, ప్రత్యేక ఆవాసంగా రెవెన్యూ, అటవీ దస్త్రాలలో నమోదు చేయాలి. రెండవది, కొండల అంచులలో క్షీణించిన పొదలనేలను పరిశోధన సూచించిన సాంద్రతకు అనుగుణంగా పునరుద్ధరించాలి. అక్కడ మొక్కలు నాటే కార్యక్రమాలను ఆపాలి. మూడవది, మేత ఎక్కడ, ఏ ఋతువులో, ఎంత అన్నది సమీప గ్రామాల కాపరులతో కలిసి నిర్ణయించాలి. పక్షి జాడ తెలిసిన స్థానికులకు శాశ్వత జీతంతో పరిశీలకులుగా ఉపాధి కల్పించాలి. నాలుగవది, కాలువ, రహదారి, విద్యుత్ మార్గం ఏదైనా సరే, అనుమతికి ముందే రాత్రివేళ క్షేత్రపరిశీలన జరిపి, ఫలితాలను బహిరంగపరచాలి.

6. ముగింపు

ఒక జాతిని కోల్పోయామని ఒకసారి భావించి, మళ్లీ దానిని కనుగొనే అదృష్టం చరిత్రలో అరుదుగా లభిస్తుంది. 1986లో మనకు అది లభించింది. ఆ తరువాతి చరిత్రలో ప్రభుత్వ చర్యలు చాలావరకు నష్టం కళ్లెదుట కనిపించిన తరువాతే మొదలయ్యాయి. ఈ క్రమం మారాలంటే ముందుగా దస్త్రాలలోని ఒక మాట మారాలి. కలివి పొద ఉన్న నేల బంజరు కాదని ప్రభుత్వం అంగీకరించిన నాడు, దానిని కాపాడడానికి కావలసిన చట్టాలు, పరిశోధనలు, మనుషులు ఇప్పటికే మన వద్ద ఉన్నట్లు తెలుస్తుంది.