ఆల్ఫ్రెడ్ కొర్తో: మువ్వురి మేళము

నేటి ప్రసంగమునకు నేనెంచుకొన్న విషయము ఫ్రాన్సు దేశపు పియానో విద్వాంసుడగు ఆల్ఫ్రెడ్ కొర్తో చరిత్రము. పరదేశపు విద్వాంసుని కథ మనకేల యని శ్రోతలలో కొందరికి తోచవచ్చును. ఊరిలో తగవు తీర్చుటకు కూర్చుండు పెద్దలెల్లరును ఎప్పుడో యొకప్పుడు ఎదుర్కొను ప్రశ్న యీ చరిత్రమున నున్నది. అందుచేతనే దీనిని చెప్పబూనితిని. గొప్ప విద్యయు, గొప్ప తప్పును ఒక్క మనుష్యునియందే కానవచ్చినప్పుడు మనము వానితో నెట్లు వర్తింపవలెను? ఎంతకాలము దూరముంచవలెను? ఏ దినమున మరల చేయి చాపవలెను?

ముందుగా ఆయన వాద్యమును గూర్చి రెండు మాటలు చెప్పుదును. పియానోకు మన హార్మోనియమునకు వలెనే మెట్లుండును. కాని హార్మోనియము గాలితో పలుకును, పియానో తీగెలతో పలుకును. మెట్టు నొక్కగానే లోపల ఉన్ని దట్టముగా చుట్టిన చిన్న సుత్తి తీగెను కొట్టి వెనుకకు మరలును. అట్టి మెట్లు 88 కలవు. సుత్తి తాకిన క్షణమునుండియే నాదము క్షీణింప మొదలిడును. కమానుతో ఫిడేలు స్వరమును సాగదీసినట్లు దీనిని సాగదీయుటకు వీలులేదు. అట్లని యిది బలహీనమైన వాద్యము కాదు. జాగ్రత్త తప్పినచో ప్రక్కనున్న ఫిడేలును నిమిషములో ముంచివేయగలదు. ఇతర వాద్యములతో కలిసి వాయించు పియానో విద్వాంసునకు ముఖ్యముగా కావలసినది తన బలమును తగ్గించుకొని ఎదుటివాని నాదమును వినగల చెవి. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను.

కొర్తో 1877వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన స్విట్జర్లాండులోని నియోన్ అను ఊర జన్మించెను. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి స్విస్ దేశస్థురాలు. బాలుడు పారిసు నగరమున ప్రభుత్వ సంగీత విద్యాలయమున చేరి, లూయీ దియేమర్ అను గురువుకడ చదివి, 1896లో ప్రథమ బహుమానము నందెను. మఱుసటి సంవత్సరమే బీథోవెన్ రచించిన మూడవ పియానో కచేరి కృతిని వాయించి సభ కెక్కెను. అంతటితో తృప్తి చెందక జర్మనీకి పోయి, వాగ్నర్ తన సంగీతనాటకములకై బైరాయిట్ అను ఊర కట్టించిన నాటకశాలలో గాయకులకు పాఠము చెప్పు సహాయకుడుగా పనిచేసెను. 1902లో వాగ్నర్ నాటకచతుష్టయమున కడపటిదానిని పారిసులో మొదటిసారిగా ప్రదర్శింపజేసి, వాద్యబృందమును తానే నడపెను. అప్పటికాయన వయస్సు 24 సంవత్సరములు మాత్రమే. జర్మను సంగీతముపై ఆయనకు గల మక్కువ ఈ దినములలోనే నాటుకొనెను.

ఆ సంవత్సరముననే క్లోటిల్డ్ బ్రెయాల్ అను నామెను వివాహమాడెను. ఆమె తండ్రి మిషెల్ బ్రెయాల్ ప్రఖ్యాత భాషాశాస్త్రజ్ఞుడు, యూదుల వంశమువాడు. ఆమె మొదటి భర్త మనవారెఱిగిన రొమా రోలా మహాశయుడు. మహాత్మా గాంధీని గూర్చియు, రామకృష్ణ పరమహంసను గూర్చియు, వివేకానందస్వామిని గూర్చియు గ్రంథములు వ్రాసినవా రాయనయే.

ఇక మువ్వురి మేళము సంగతి. మన కచేరిలో గాయకుడు ప్రధానుడు. ఫిడేలు, మృదంగము ప్రక్కవాద్యములు. ఐరోపాలో గది సంగీతమను మఱియొక పద్ధతి కలదు. పూర్వము ప్రభువుల యిండ్లలోని గదులయందు కొద్దిమంది యెదుట వాయించుటచే దాని కా పేరు వచ్చినది. ఇందు వాద్యగాండ్రు కొద్దిమందియే. ఒక్కొక్కరికి వేఱొక పాఠము. ఆ పాఠమును వాయించువాడు అతడొక్కడే. చేతికఱ్ఱ నాడించి నడపు నాయకుడుండడు. ప్రధానమని, ప్రక్కవాద్యమని భేదము లేదు. ఒక క్షణమున ఫిడేలు ముందునకు వచ్చును. మఱుక్షణమున అది తగ్గి వేఱొకదానికి త్రోవ యిచ్చును. స్వరములన్నియు ముందుగా వ్రాయబడియే యుండును గాన మన మనోధర్మ సంగీతమువలె అప్పటికప్పుడు కల్పించునది లేదు. ఎచ్చట బరువుంచవలెను, ఎచ్చట నూపిరి తీయవలెను అనునది మాత్రమే వాయించువారి విద్య.

1905లో కొర్తో ఇరువురు మిత్రులతో కలిసి ఇట్టి త్రయము నేర్పరచెను. ఫిడేలు వాయించువాడు బోర్దో నగరవాసియగు ఝాక్ తిబో. చెల్లో వాయించువాడు స్పెయినులోని కాటలోనియాకు చెందిన పాబ్లో కాజల్స్. చెల్లో యనగా కాళ్ళనడుమ నిలువుగా నుంచి వాయించు పెద్ద ఫిడేలు. ముగ్గురును అప్పటికి ముప్పది నిండనివారు. ముగ్గురును ఒంటరిగా సభలను మెప్పింపగలవారు. అట్టివారు ఒక వేదికపై చేరినప్పుడు ఎవనికి వాడు మిన్నయని చూపుకొనుట సహజము. వీరి మేళమున నది కానరాదు. తిబో నాదము తేలికయైనది, తేనెవంటిది. కాజల్స్ నాదము నిండైనది, నేలను పట్టి నిలుచునది. ఈ రెంటికి నడుమ కొర్తో పియానో ఒక వాద్యబృందమంతయు వెనుక నున్నట్లు రంగులు మార్చుచు, తీగెలు పాడునప్పుడు ఒదిగి యుండును.

ఇది నేను పుస్తకములు చదివి చెప్పుమాట కాదు. వారి వాద్యము నేటికిని వినవచ్చును. 1926లో షూబర్ట్ రచించిన త్రయమును, 1928లో బీథోవెన్ రచించిన ‘ఆర్చ్‌డ్యూక్’ త్రయమును వారు గ్రామఫోను ప్లేట్లపై కెక్కించిరి. ఒకప్పుడు మన పల్లెలలో సహితము పెట్టెపై తిరిగిన కుక్కబొమ్మ ప్లేట్ల కంపెనీయే వానిని వెలువరించినది. ఆ కాలమున ప్లేటు ఒక ప్రక్కకు నాలుగైదు నిమిషముల సంగీతము మాత్రమే పట్టెడిది. నడుమ తప్పు దొరలినచో ఆ ముక్కను మాత్రము తీసి వేఱొకటి అతుకుటకు వీలులేదు. ఆ ప్రక్కనంతయు మరల వాయింపవలసినదే. కొర్తో ఒంటరిగా వాయించిన ప్లేట్లలో తప్పుస్వరములు కొన్ని వినబడును. అవి వినియు రసికులు ఆయనను విడువలేదు. ఆ భావము, ఆ పలుకుబడి వేఱొకచోట దొరకలేదు.

1929లో జరిగిన మఱియొక విషయము చెప్పదగినది. కాజల్స్ తన నాటగు బార్సెలోనాలో సొంతముగా నొక వాద్యబృందమును స్థాపించియుండెను. బ్రాహ్మ్స్ అను విద్వాంసుడు ఫిడేలు, చెల్లోలకు కలిపి రచించిన కృతిని తిబో, కాజల్స్ వాయించుచుండగా, ఆ బృందమును నడపినవాడు కొర్తో. తాను పెంచిన బృందమును స్నేహితుని చేతి కప్పగించి కాజల్స్ వాద్యము పట్టుకొని కూర్చుండెను. వారి మైత్రి అట్టిది.

ఈ నడుమ కొర్తో ఆచార్యుడుగ సంపాదించిన కీర్తియు తక్కువది కాదు. 1907లో తాను చదివిన విద్యాలయముననే ఆచార్యపదవి లభించెను. 1919లో ఒగూస్త్ మాన్జో అనువానితో కలిసి పారిసులో ‘ఎకోల్ నార్మాల్’ అను సంగీతపాఠశాలను స్థాపించెను. 1929లో దానికి చేర్చి కట్టిన సభామందిరము నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది. డీను లిపాట్టి, క్లారా హాస్కిల్, వ్లాడో పెర్లమ్యూటర్ మొదలగువారు ఆయన శిష్యులు. షొపాన్, షూమన్ రచనలను అభ్యాసవిధానములతో కూర్చి ప్రకటించెను. కఠినమైన చరణమును నూఱుసార్లు వల్లించుట కాదు, అందు కఠినత ఎచ్చటనున్నదో కనుగొని దాని మూలమును సాధింపవలెను అనునది ఆయన బోధ. ఏ విద్యకైనను పనికివచ్చు మాట యిది.

1933లో జర్మనీ హిట్లర్ చేతబడెను. యూదులైన సంగీతకారులను కొలువులనుండి వెడలగొట్టిరి. కాజల్స్ ఆ దేశమున వాయింపనని కమాను క్రింద పెట్టెను. కొంతకాలమునకు త్రయము కలిసి వాయించుటయు ఆగిపోయెను. ఎవరి త్రోవ వారిదయ్యెను. 1936లో స్పెయినులో అంతర్యుద్ధము పుట్టి, 1939లో సేనాని ఫ్రాంకో గెలువగా, కాజల్స్ స్వదేశము విడిచి సరిహద్దు కీవల ఫ్రాన్సులోని ప్రాద్ అను చిన్న ఊర తలదాచుకొనెను. కాందిశీకులై వచ్చి శిబిరములలో మ్రగ్గుచున్న తనవారికి సాయముచేయుటయే ఆయన పనియయ్యెను.

1940 జూనులో ఫ్రాన్సు జర్మనులకు లొంగెను. వృద్ధసేనాని పెటేన్ విషీ పట్టణమున ప్రభుత్వము నేర్పరచి, విజేతలతో చేయికలిపెను. ఆ సంవత్సరము అక్టోబరులోనే యూదులను ఉద్యోగములనుండి తొలగించు శాసనము వెలువడెను. కొర్తో ఈ ప్రభుత్వమున పదవులు స్వీకరించెను. 1941లో దాని జాతీయసభలో సభ్యుడయ్యెను. సంగీతవృత్తిని సంస్కరించు సంఘమునకు పెద్దయయ్యెను. 1942లో జర్మనీకి పోయి బెర్లిను వాద్యబృందముతో వాయించెను.

ఆయన పక్షమున చెప్పదగినదియు కలదు. సంగీతవిద్యను బాగుచేయవలెనను కోరిక చిరకాలముగా నుండెను. బందీలైన కొందరు సంగీతకారుల కొఱకు మాటసాయము చేసెను. జర్మను సంగీతము ఆయన యౌవనపు ప్రేమ. ఇవియన్నియు నిజమే. ఐనను తన శిష్యులవంటివారు, తన సాటివారు, తన యింటి యిల్లాలి వంశమువారు కొలువులు పోయి, ఊళ్ళు విడిచి, ప్రాణములు కోల్పోవుచుండగా ఆ వేదికపై కూర్చుండి వాయించుట చిన్న తప్పు కాదు. ప్రక్కవాని మెల్లని నాదమును వినుటకు తన నాదమును తగ్గించుకొనుటలో ఆయనను మించినవాడు లేడు. అట్టివానికి ఆ నాలుగు సంవత్సరములు బయటి ఆక్రోశము వినబడకపోయెను. నాకు ఈ చరిత్రమున మిక్కిలి బాధ కలిగించునది యిదియే.

1944లో ఫ్రాన్సునకు విముక్తి కలిగెను. కొర్తోను నిర్బంధించి విడిచిరి. విచారణ సంఘమువారు ఒక సంవత్సరము కచేరి చేయరాదని శిక్ష విధించిరి. గడువు తీరినంత మాత్రమున వెలి తీరునా? 1947 జనవరిలో పారిసు వేదిక నెక్కగా, వాద్యబృందమువారు ఆయనతో వాయింపమనిరి. సభలో కొందఱు కేకలు వేసిరి, కొందఱు చప్పట్లు చరచిరి. అటుపిమ్మట ఆయన స్విట్జర్లాండులోని లోజాన్ నగరమున నివాస మేర్పరచుకొనెను. 1949లో, షొపాన్ మరణించి నూఱేండ్లు నిండిన సందర్భమున, పారిసు ఆయనను మరల ఆదరించెను. 1952లో జపాను వఱకు పోయి కచేరీలు చేసెను. సభలవారు క్షమించిరి సరే. మఱి స్నేహితుని సంగతియేమి?

1970లో ప్రకటింపబడిన తన జ్ఞాపకములలో కాజల్స్ ఈ విషయము చెప్పియున్నాడు. యుద్ధము ముగియు దినములలో కొర్తో తన యింటికి వచ్చి, ఏ సాకును చెప్పక, తాను శత్రువులతో కలిసి పనిచేసినమాట నిజమని, అందుకు సిగ్గుపడుచున్నానని ఒప్పుకొనెనట. నిజము చెప్పినందున కాజల్స్ క్షమించి చేయి యిచ్చెనట. ఐనను ఇక్కడొక విశేషము గమనింపుడు. ఇంటిలో చేయి యిచ్చినవాడు వేదికపై వెంటనే చోటు ఈయలేదు. ఫ్రాంకోను సహించిన రాజ్యములలో తాను వాయింపనని తన కచేరీలనే మానుకొన్న మనుష్యుడాయన. 1950లో ప్రాద్‌లో సంగీతోత్సవములు ప్రారంభమైనవి. లోకములోని విద్వాంసు లెందఱో వచ్చిరి. కొర్తో పేరు చాలకాలము లేదు. నడుమ 1953 సెప్టెంబరు 1వ తేదీన తిబో విమానప్రమాదమున మరణించెను. ఆయనతోపాటు 1720లో స్ట్రాడివేరియస్ చేసిన ఫిడేలును నాశనమయ్యెను. ముగ్గురు కలిసి వాయించు మాట అంతటితో ముగిసెను.

1958 జులైలో కాజల్స్ పిలుపుపై కొర్తో ప్రాద్‌కు వచ్చెను. ఒకరికి 81 సంవత్సరములు, ఒకరికి 80. బీథోవెన్ పియానోకును చెల్లోకును రచించిన మూడవ సొనాటాను ఇరువురును కలిసి వాయించిరి. కొర్తో వ్రేళ్ళు వెనుకటివలె లొంగలేదు. కొన్ని స్వరములు జారినవి. కాని చెల్లో పాడునప్పుడు పియానో ఒదుగుట, పియానో అడిగినదానికి చెల్లో బదులు చెప్పుట వెనుకటివలెనే యుండెను. కొర్తో సభయెదుట వాయించుట అదియే కడసారి. 1962 జూను 15వ తేదీన లోజాన్‌లో ఆయన కన్నుమూసెను.

ఈ చరిత్రమునుండి నేను తీసిన తీర్పు ఒక్కటి చెప్పి ముగింతును. విద్య గొప్పది గనుక తప్పును మఱువుడని కాజల్స్ అనలేదు. తప్పు జరిగినది గనుక విద్యను పాతిపెట్టుడనియు అనలేదు. నిజమును ఒప్పుకొన్న దినముననే మనుష్యునికి చేయి యిచ్చెను. పదిమంది యెదుట ప్రక్కన కూర్చుండబెట్టుకొనుటకు మాత్రము పదుమూడేండ్లు ఆగెను. ఆ పదుమూడేండ్లు ఎక్కువయో తక్కువయో శ్రోతలు తమ తమ యూళ్ళలో తీర్చిన తగవులను తలచుకొని నిర్ణయింతురు గాక.