మృగయావ్యయము: కంచెలోని జింక, బయలులోని జింక

నల్లగొండ జిల్లా త్రిపురారము మండలమున కాలువగట్టుమీద నిలిచి నలుదెసల జూచువానికి నేడు వరిమళ్ళును, మిర్యాలగూడ మిల్లులకు వడ్లు మోయు లారీలును దప్ప వేఱొండు కానరాదు. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టులో ఎడమకాలువకు నీరు విడువబడుటకు పూర్వము, ఈ నేలలో మిక్కిలి భాగము జొన్నయు ఆముదమును పండు మెట్టపొలములతోను, పసులు మేయు బీళ్ళతోను నిండియుండెడిది. అట్టి పొట్టిగడ్డి బయళ్ళే కృష్ణజింక కోరు చోటు. నీరు నిలిచిన మాగాణి దానికి గిట్టదు, దట్టమైన అడవియు గిట్టదు. కావున దక్కనులో ఎచ్చటెచ్చట కాలువ పాఱెనో అచ్చటచ్చట ఆ మృగమునకు తావు తఱిగెను. జింకవేటకగు వ్యయమును విచారింపబూనిన వ్యాసము కాలువతో మొదలగుట వింతగా దోపవచ్చును గాని, ఆ వ్యయములో ఎక్కువపాలు నేలకు చెందినదేయని నా తలంపు. ఇందు జూపబడు నిదర్శనములన్నియు ఆ తలంపును పరీక్షించుటకే.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. వేటగాడు చెల్లించు రుసుము వేఱు, వేటకు వాస్తవముగా పట్టు వ్యయము వేఱు. జింక పుట్టి, మేసి, కొమ్ములు తిరిగి, తుపాకి యెదుటికి వచ్చువఱకు ఎవరో యొకరి నేల మేయుచునే యుండును. ఎవరో యొకరు దానిని కాచుచునో, దానివలన నష్టపడుచునో యుందురు. ఈ రెండు మొత్తములును కంచె వేసిన వేటక్షేత్రములలో, అనగా పాశ్చాత్యులు రాంచ్‌లని పిలుచువానిలో, ఇంచుమించు ఒకటియగును. కంచె లేని బయలులో అవి ఎన్నడును ఒకటి కాలేదు. వేటగాడు చెల్లింపని శేషమును రాజో, రైతో, వెట్టివాడో, తుదకు మృగజాతియో భరించుచు వచ్చెను.

మన దేశమున ఈ వ్యవహారము ప్రాచీనమైనది. కళ్యాణి చాళుక్యచక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమునందు మృగయావినోదమునకు ప్రత్యేకస్థానము కలదు; చీతాచే జింకలను పట్టించు వేటనుగూర్చిన ప్రాచీనప్రస్తావనలలో ఒకటి అందే యున్నదని చరిత్రకారులు చెప్పుదురు. నేటి తెలంగాణములో చాలభాగము నాడు ఆ చాళుక్యుల యేలుబడిలోనిదే. ఈ వేట మొగలాయీ కొలువులలో మహావైభవమును బొంది, పిదప హైదరాబాదు నిజాముల కొలువులో ఇరువదవ శతాబ్దారంభమువఱకును నిలిచెను. 1893లో నగరమునకు విచ్చేసిన ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండునకు కూడ చీతాలతోడి జింకవేట చూపబడెను. కన్నులకు గంతలు కట్టిన చీతాను ఎడ్లబండిపై గూర్చుండబెట్టి, బండికి వెఱవని జింకలమందకు చేరువగా కొనిపోయి, గంత విప్పి విడుచుట ఆ వేట పద్ధతి. మృగము దొరకుట, తప్పించుకొనుట నిమిషములోపలనే తేలిపోవును. ఆ నిమిషమునకై చీతాను అడవినుండి పట్టి తెచ్చుట, నెలలకొలది మచ్చికచేయుట, ఏడాది పొడవున మాంసము పెట్టుట, దాని కావలివానికి జీతమిచ్చుట యను వ్యయము వెనుక నుండెను. చీతా పంజరములో ఈనుట మిక్కిలి అరుదగుటచే ప్రతి చీతాయు అడవినుండియే రావలెను. వేటలకై పట్టుబడిపట్టుబడి, ఉన్న బయళ్ళు సాగులోనికి పోగా, ఆ జాతి మనదేశమున అంతరించినట్లు 1952లో ప్రకటింపబడెను. జింకవేటకైన వ్యయములో ఒక మృగజాతి సమస్తమును చేరియున్నదన్నమాట. ఏ ఖజానా లెక్కలోను ఇది వ్రాయబడలేదు.

నిజాము షికారుగాహులు, నా దృష్టిలో, మన ప్రాంతమున రాంచ్‌కు అత్యంతసమీపమైన వ్యవస్థ. హైదరాబాదునకు తూర్పున వనస్థలిపురముకడ నున్న మహావీర్ హరిణవనస్థలి అట్టి వేటభూమియే. 1975లో మహావీరుని 2,500వ నిర్వాణవార్షికోత్సవ సందర్భమున అది జింకలపార్కై, 1994లో జాతీయోద్యానమయ్యెను. దాని వైశాల్యము 14.59 చదరపు కిలోమీటర్లు. షికారుగాహులో మృగము ప్రభువుది, నేల ప్రభువుది, కావలి ప్రభువుది; ఇంతవఱకు రాంచ్‌తో సామ్యము కలదు. కాని రాంచ్ యజమాని కూలి చెల్లించును. ఇచ్చట కూలికి మాఱుగా వెట్టి యుండెను. అధికారులు గాని, దొరలు గాని సంచారమునకు వచ్చినపుడు బండ్లు, ఎడ్లు, వంటచెఱకు, పాలు, కోళ్ళు, మోతగాండ్రు అన్నియు ఊరివారు ఉచితముగా సమకూర్పవలసినదే. ఆ సంచారములలో వేట ఒక విడువరాని భాగము. 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్రమహాసభకు ముందునుండియు, వెనుకను, వెట్టినిర్మూలనము తెలంగాణోద్యమమునకు ప్రధానాశయములలో నొకటి. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు 1946 మొదలు 1951 వఱకు నడచిన రైతాంగపోరాటమునకు కేంద్రములగుటకు గల కారణములలో వెట్టి మొదటిది. చీతాబండికి కట్టిన ఎడ్లు ఎవరివని అడిగినవాడు ఆ కాలమున లేకపోయెను గాని, వేట వెలను లెక్కించువాడు నేడు అడుగక తప్పదు.

1949లో జాగీర్లు రద్దయినవి. షికారుగాహులకు కావలి సడలెను. రెండవ ప్రపంచయుద్ధానంతరమున జీపులు చవుకయ్యెను, పంటరక్షణ పేర తుపాకి లైసెన్సులు విరివిగా లభించెను. దీపము వేసి, జీపుమీదనుండి రాత్రివేళ కాల్చు వేటకు పెట్రోలు, తూటాలు దప్ప ఖర్చు లేదు. చరిత్రలో జింకవేట ఇంత చవుకగా ఎన్నడును లేదు. జింకలును ఇంత వేగముగా ఎన్నడును నశింపలేదు. భారతదేశమున కృష్ణజింకలు 1947 నాటికి 80,000 ఉండినవనియు, 1964 నాటికి 8,000కు దిగజాఱినవనియు ఒక అంచనా ప్రచారములో నున్నది. అంకెలు కచ్చితములు కాకపోవచ్చును. క్షీణగతినిగూర్చి మాత్రము వివాదము లేదు.

1972 నాటి వన్యప్రాణిసంరక్షణచట్టము దీనికి ప్రతిక్రియ. ఆ చట్టము చేయుడని పార్లమెంటును కోరుచు తీర్మానించిన పదునొకండు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చట్టము పుట్టినపుడు కొన్ని మృగములకు రుసుముతో లైసెన్సు పొంది వేటాడు అవకాశము అందుండెను. 1991 సవరణముతో అదియు తొలగిపోయెను. కృష్ణజింక నేడు మొదటి షెడ్యూలులోనిది. దానిని చంపినవానికి మూడేండ్లకు తక్కువ కాని, ఏడేండ్లకు మించని కారాగారశిక్షయు, 2022 సవరణానంతరము 25,000 రూపాయలకు తగ్గని జరిమానాయు విధింపబడును. ఇట్లు మన బయలులో జింకకు వెల లేకుండబోయి శిక్ష మాత్రమే మిగిలినది.

ఇక పరదేశముల సంగతి. తూర్పాఫ్రికాలో 1920 వఱకు చెలామణియైన నాణెము మన రూపాయియే. 1909 ప్రాంతమున అచ్చటికేగిన విదేశీయ వేటగాడు 750 రూపాయలు, అనగా 50 పౌనులు చెల్లించి లైసెన్సు కొన్నచో ఏనుగు మొదలు నానావిధ ఆంటిలోపులవఱకు పెక్కు మృగములను నిర్ణీతసంఖ్యలో చంపవచ్చును. ధనికునకు ఆ మొత్తము అల్పము. మోతగాండ్రకు, డేరాలకు, నెలల ప్రయాణమునకు అగు ఖర్చే పెద్దది. మృగమునకు విడిగా వెలయే లేదు. 1977లో కెన్యా వేటను పూర్తిగా నిషేధించెను. దక్షిణదిశ నున్న దేశములు వేఱుదారి త్రొక్కినవి. నమీబియాలో 1960ల చివరనే భూస్వాములకు తమ భూములలోని కొన్ని వేటమృగములపై హక్కు ఏర్పడెను. దక్షిణాఫ్రికాలో 1991 నాటి చట్టము, తగిన కంచె కలదని ప్రభుత్వము ధ్రువీకరించిన క్షేత్రములోని మృగము కంచె దాటి పోయినను యజమాని హక్కు పోదని శాసించెను. ఈ యొక్క నిబంధనముతో వేలకొలది పశుక్షేత్రములు మృగక్షేత్రములైనవి. మృగములు వేలములలో అమ్ముడుపోవసాగెను. బంగారువన్నె విల్డెబీస్టు, నల్ల ఇంపాలా వంటి అపురూపవర్ణముల మృగములకు నమ్మశక్యముగాని ధరలు పలికి, 2016 ప్రాంతమున ఆ బుడగ పగిలెను. వేటకు పనికివచ్చు మృగముకంటె పిల్లలను పెట్టి అమ్మబడు మృగమునకే ధర హెచ్చగుట సట్టావ్యాపార లక్షణము. అందులో మునిగినవారియెడ నాకు జాలి తక్కువ.

మనకు మిక్కిలి ఆసక్తికరమైన నిదర్శనము అమెరికాలోని టెక్సాసు. మన కృష్ణజింక 1932లో అచ్చటి ఎడ్వర్డ్స్ పీఠభూమికి చేర్పబడెను. మన మనుబోతు దక్షిణ టెక్సాసులోని కింగ్ రాంచ్‌లో విడువబడి నేడు ముప్పదివేలకు పైబడినదని అంచనా. అచ్చటి చట్టము దృష్టిలో ఇవి పరదేశపు జంతువులు. వీనికి వేటఋతువు లేదు, సంఖ్యాపరిమితి లేదు; రాష్ట్రపు సాధారణ వేటలైసెన్సును, నేలయజమాని సమ్మతియు చాలును. కావున ధరను యజమానియే నిర్ణయించును: కొమ్ములు మెలితిరిగిన మగజింకకు కొన్నివేల డాలర్లు, ఆడజింకకు అందు కొద్దిపాలు. ఆ ధరలో ఎనిమిదడుగుల కంచె, ఎండకాలపు మేత, దారి చూపువాని జీతము, బస, అన్నియు కలిసియుండును. దొరకినచో చెల్లింపుము, దొరకనిచో లేదను ఒప్పందములు కూడ కలవు. అనగా వేటలోని అనిశ్చయమును గూడ యజమాని తన లెక్కలో కలుపుకొని అమ్ముచున్నాడు.

అదే దేశమున స్వదేశమృగమైన ప్రాంగ్‌హార్ను కథ భిన్నము. శాస్త్రము దీనిని నిజమైన ఆంటిలోపులలో చేర్పకున్నను లోకవ్యవహారమున అది ఆంటిలోపే. వయోమింగు రాష్ట్రమున అది ప్రజలసొత్తు. బయటి రాష్ట్రమువాడు లాటరీలో పేరు తగిలిననే వేటాడగలడు. సాధారణ లైసెన్సు కొన్నివందల డాలర్లు, అవకాశము కొంత మెఱుగుగానుండు ప్రత్యేక లైసెన్సు 2024లో 614 డాలర్లనుండి 1,200 డాలర్లకు పెంచబడెను. బయలులో వెల రుసుమురూపమున కొంత, నిరీక్షణరూపమున కొంత చెల్లింపబడుననుట కిది ఋజువు. ఏండ్లతరబడి దరఖాస్తు పెట్టుచు కూర్చున్నవాని కాలమునకు వెలగట్టినచో, చవుక యనుకొన్న బయలువేట రాంచ్‌వేటకు తీసిపోదు. ఇరువురి ఖర్చులును పెరుగుచున్నవి గాని పెరుగుటకు హేతువులు వేఱు: కంచెలోపల నేలధర, మేత, కూలి, కంచెవెలుపల కోరువారి సంఖ్య పెరుగుట, మృగముల సంఖ్య పెరుగకుండుట.

కంచెవ్యవస్థను సమర్థించువారు తఱచుగా ఉదాహరించు మృగము ఉత్తరాఫ్రికాకు చెందిన కత్తికొమ్ముల ఓరిక్సు. 2000లో అది అడవిలో అంతరించినదని ప్రకటింపబడెను. టెక్సాసు రాంచ్‌లలో మాత్రము వేలసంఖ్యలో బ్రతికియుండెను. 2012లో దాని వేటకు కేంద్రప్రభుత్వపు అనుమతి తప్పనిసరి కాగానే దానిని పెంచు ఉత్సాహము యజమానులలో సన్నగిల్లెను. 2014లో చట్టసభ మరల మినహాయింపు నొసగెను. 2016 మొదలు ఆ జాతి ఛాద్ దేశపు ఎడారిలో తిరిగి విడువబడుచున్నది. మన కృష్ణజింక విషయమునను ఇట్టిదే యొకటి జరిగినది: పాకిస్తానులో ఆ జాతి నశింపగా, 1970లో టెక్సాసునుండి పది జింకలు లాల్ సుహాన్రాకు పంపబడెను. ఈ వాదమున బలము లేదనజాలను. అయితే ఓరిక్సు అంతరించుటకు కారణము కంచె లేకపోవుట కాదు. తుపాకి, వాహనము, కఱవు చేతులు కలుపుట. మన జీపుయుగమునకు అది ఎడారిప్రతిరూపమే.

తెలంగాణమున రాంచ్‌లు ఏల లేవని ప్రశ్నించువారు కలరు. చట్టము వేటను నిషేధించుట ఒక కారణము మాత్రమే. నేలచట్టము అంతకంటె బలమైన అడ్డు. 1973 నాటి భూపరిమితిచట్టము ప్రకారము ఐదుగురుండు కుటుంబమునకు మాగాణి 10 మొదలు 27 ఎకరములు, మెట్ట 35 మొదలు 54 ఎకరములు మాత్రమే ఉండవచ్చును. కింగ్ రాంచ్ ఒక్కటియే 8,25,000 ఎకరములు. త్రిపురారపు రైతు మూడెకరముల కమతమున జింకను పెంచి వేటగానికి అమ్ముటను ఊహించుటయే హాస్యాస్పదము. రాంచ్ యజమాని జింక మేసిన మేతను తన అమ్మకపు ధరలో రాబట్టుకొనును. మన రైతు దానిని పంటనష్టముగా వదలుకొనును. కృష్ణాతీరమున నారాయణపేట జిల్లా రైతులు మందలుగా వచ్చి మొలకలను మేయు జింకలనుగూర్చి చాలకాలముగా మొఱపెట్టుకొనుచున్నారు. రాత్రికావలి, విత్తు మరల చల్లుట, పండని పంట, ఇవే అచ్చటి మృగయావ్యయము. వేట మాత్రము లేదు.

2016 జూనులో బీహారు రాష్ట్రము మొకామాలో జరిగినది ఈ వైపరీత్యమునకు పరాకాష్ఠ. మనుబోతులు పంటలను నాశనము చేయుచున్నవని కేంద్రప్రభుత్వము వానిని ఒక కాలపరిమితికి హానికరజంతువులుగా ప్రకటింపగా, హైదరాబాదునుండి వెళ్ళిన తుపాకివేటగాండ్రు కొలదిదినములలో 200కు పైగా కూల్చిరి. కేంద్రమంత్రులమధ్యనే బహిరంగముగా వాదము చెలరేగెను. టెక్సాసులో వేల డాలర్లు చెల్లించి చంపు మృగమే అది. మొకామాలో దానిని చంపించుటకు ప్రభుత్వము మనుష్యులను పిలిపింపవలసివచ్చెను. వెల ధనాత్మకమగుటయు ఋణాత్మకమగుటయు మృగములోని గుణమువలన కాదు. అది మేసిన మేతకు ఎవరు బాధ్యులన్న దానినిబట్టియే యని ఇంతకంటె స్పష్టముగా చూపు నిదర్శనము నాకు దొరకలేదు.

2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ పరిసరములందు కృష్ణజింకలను హెలికాప్టరుతో తఱిమి, గరాటువలె సన్నగిలు తెఱలదొడ్డిలోనికి తోలి, లారీలలో అభయారణ్యములకు తరలించిరి. ఈ పద్ధతి 1960లలో దక్షిణాఫ్రికాలో రూపొందినది. దానిని నడపినవారును అచ్చటినుండి వచ్చిన నిపుణులే. వారి దేశమున ఆ హెలికాప్టరు ఖర్చు తరువాతి వేలములో కొనువానినుండి యజమానికి తిరిగి ముట్టును. ఇచ్చట అది ప్రభుత్వపు పద్దుక్రింద ఖర్చువైపుననే నిలిచిపోవును, తరలిన జింక వదలిన చేను మాత్రము ఆ యేటికి రైతునకు దక్కును.