భూమధ్యరేఖ మీద మంచు

ఒడిశాలోని తాల్చేరు పేరు చెబితే అందరికీ బొగ్గు గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆ బొగ్గుకు అడుగున ఉన్న రాతిపొర మీద మక్కువ. మెత్తటి బురద గట్టిపడిన పొరలో, ఎక్కడినుంచో తెచ్చి పడేసినట్టు పెద్ద పెద్ద గుండురాళ్ళు ఇరుక్కుని ఉంటాయి. అంత బరువును దొర్లించేటంత జోరు నీటికి ఉంటే ఆ బురద అక్కడ నిలిచేదే కాదు. 1856లో బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ దీన్ని చూసి, ఇది మంచు మోసుకొచ్చిన సరుకన్నారు. ఈ ఎండల దేశంలో మంచేమిటని సందేహం. తరవాత 1875లో ఫెడెన్ అనే ఆయన చంద్రపూర్ ప్రాంతంలో, పెన్‌గంగ దగ్గర ఇరాయి వద్ద, అదే పొర కింద గీతలుపడి నునుపుదేరిన సున్నపురాయిని చూపించాడు. మంచు ఒరుసుకుపోయిన జాడ అది.

చివరికి తేలిందేమిటంటే, నేలే కదిలింది. ఖండాలు కదులుతాయని 1912లో వెగెనర్ అన్నాడు. 30 కోట్ల ఏళ్ళ కిందట మన గడ్డ దక్షిణ ధ్రువం వైపు ఉండేది. మంచు తన చోటనే ఉంది, మనమే ఇటు వచ్చాం. 1936లో కాలు కదపకుండానే మద్రాసు రాజధాని నుంచి ఒరిస్సాకు వచ్చిన మా బరంపురం వాళ్ళకు ఇది తలకిందుల కథ!

అయితే ఇంకా పాత రాళ్ళ దగ్గర ఈ జవాబు చెల్లలేదు. బురద పేరుకునేటప్పుడు అందులోని ఇనుప రేణువులు భూమి అయస్కాంత దిశకు సర్దుకుంటాయి. ధ్రువాల దగ్గర నిలువుగా, భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా. బురద రాయైనా ఆ గుర్తు పోదు. గ్రీన్‌లాండ్, నార్వేల మంచుకాలపు రాళ్ళలో ఆ గుర్తు దాదాపు అడ్డంగానే ఉందని 1964లో హార్లండ్ ప్రకటించాడు. ఆ తరవాత దక్షిణ ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ కొండల రాళ్ళూ అదే సాక్ష్యం చెప్పాయి. అంటే ఆ రోజుల్లో భూమధ్యరేఖ దగ్గర, సముద్రమట్టంలోనే మంచు ఉంది!

తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది. అందువల్ల చలి పెరిగి, మంచు మరింత పరుచుకుంటుంది. ఒక హద్దు దాటితే ఇక ఆగదని 1969లో రష్యాలో బుదీకో లెక్కగట్టాడు. మరి అలా గడ్డకట్టిన భూమి కరిగేదెలా? 1992లో అమెరికాలో కిర్ష్‌వింక్ దారి చూపాడు. మంచు కింద కూడా అగ్నిపర్వతాలు ఆగవు. అవి వదిలే బొగ్గుపులుసు వాయువును మామూలుగా వాన, రాళ్ళు కలిసి పీల్చుకుంటాయి. వానే లేకపోతే అది లక్షల ఏళ్ళపాటు గాలిలో పోగవుతూ వేడిని పట్టి ఉంచుతుంది. ఈ స్థితికి ‘స్నోబాల్ ఎర్త్’ అని పేరు పెట్టింది కూడా ఆయనే. నన్నడిగితే ఈ కథంతటిలో గొప్ప ఊహ ఇదే. 1998లో హాఫ్‌మన్ బృందం నమీబియాలో, మంచు తెచ్చిన రాళ్ళ నెత్తినే సున్నపురాయి పొర కూర్చుని ఉండడాన్ని దీనికి సాక్ష్యంగా పెట్టింది. చలి పోయిన వెంటనే వేడి సముద్రం వచ్చిందన్నమాట.

ఇలా రెండుసార్లు జరిగింది. మొదటిది సుమారు 71.7 కోట్ల ఏళ్ళ కిందట మొదలై 5 కోట్ల ఏళ్ళకు పైగా సాగింది. రెండోది 63.5 కోట్ల ఏళ్ళ కిందట ముగిసింది. సముద్రమంతా గడ్డకట్టిందా, నడుమ కొంత నీరు మిగిలిందా అన్నది ఇంకా తగవే. ఎండ లేనిదే బతకని నాచు అప్పటికే ఉంది, ఆ చలినీ దాటి వచ్చింది. అది మంచుపై దుమ్ము పడి కరిగిన మడుగుల్లో తలదాచుకుందని కొందరంటారు. అంటార్కిటికాలో అలాంటి మురికి మడుగుల్లో నేటికీ సూక్ష్మజీవులు పచ్చగా పరుచుకుని ఉన్నాయి.