ప్రభల వరస, పాయింటర్ల వరస

శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఊరూరి నుంచీ ప్రభలొస్తాయి. ఒక్కోటీ ఒక్కో ఎత్తు, కొండ కింద ఎడంఎడంగా నిలబడతాయి. "మా ఊరి ప్రభ ఎక్కడండీ?" అంటే ఎవరో ఒకరు అటు చెయ్యి చూపిస్తారు. ఆ చూపించే చెయ్యే పాయింటర్!

ఇది తెలీక ఇంజనీరింగ్ ల్యాబ్ పరీక్షలో దెబ్బతిన్నాను. 'అర్రే, పాయింటర్ రెండూ ఒకటే' అని బట్టీపట్టి, మూడు వరసల, నాలుగు నిలువుల అర్రేని 'పాయింటర్‌కి పాయింటర్' అడిగే ఫంక్షన్‌కి పంపాను. వార్నింగ్ వచ్చినా పట్టించుకోలేదు. ప్రోగ్రామ్ ఢామ్మంది. ఎందుకో అర్థమైంది మాత్రం చరిత్ర చదివాకే.

1957 నాటి ఫోర్ట్రాన్‌లో రెండు డైమెన్షన్ల అర్రే అంటే మెమరీలో ఒకే ముక్క. ఏ గడి కావాలన్నా గుణించి, కూడి చిరునామా కట్టాలి. ఆ రోజుల్లో గుణకారం ఖరీదైన పని. 1960 ప్రాంతంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ మీద పనిచేసిన జాన్ ఇలిఫ్ వేరే దారి పట్టాడు. ప్రతి వరసకీ ఒక చిరునామా రాసి పెట్టుకుంటే గుణకారంతో పనే లేదు కదా! అందుకే పాయింటర్ల అర్రేకి 'ఇలిఫ్ వెక్టర్' అని పేరు.

1969లో కెన్ థాంప్సన్ చేసిన బి భాషలో అర్రే పేరంటే, అసలు డేటా ఎక్కడుందో చూపించే ఒక గడి. డెనిస్ రిచీ సి భాష చేస్తూ ఆ గడిని తీసేశాడు. పేరు వాడినప్పుడు మాత్రం చిరునామాగా మారేట్టు పెట్టాడు. అందుకే పక్కపక్కన రెండు బ్రాకెట్లు పెడితే ఒకే ముక్కగా ఉన్న అర్రేకైనా, పాయింటర్ల అర్రేకైనా రాత ఒకటే. లోపల జరిగేది వేరు. నేను బోల్తాపడింది సరిగ్గా అక్కడే.

తమాషా ఏంటంటే ఇప్పుడు లెక్క తిరగబడింది. గుణకారం చవక, మెమరీ దాకా వెళ్ళిరావడం ఖరీదు. ఆఫీసులో వరసకో మాలాక్ చేసిన పాత కోడుని ఒకే ముక్కకి మార్చాను. టైము సగానికి పైగా తగ్గింది. అల్గారిథమ్ జోలికి వెళ్ళనేలేదు.

అలాగని ఇలిఫ్ పద్ధతి దండగనను. వరసలన్నీ ఒకే పొడవైతే ఒకే ముక్క చాలు. పేర్ల జాబితాలాగా, మన ప్రభల్లాగా ఒక్కోటీ ఒక్కో సైజైతే పాయింటర్లే మేలు. అప్పట్లో ఎందుకు అలా చేశారో తెలిస్తే, ఇప్పుడు మనం చెయ్యాలో వద్దో తేల్చుకోవచ్చు. కారణం చెప్పకుండా సూత్రం ఒక్కటే బట్టీపట్టిస్తే మాత్రం నాలాగే ల్యాబులో నిలబడి తెల్లమొహం వెయ్యాలి.