నాలుగు కిటికీల ఇల్లు

అమ్మమ్మ ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత, పక్కన బాణం గుర్తు, దాని కింద ఒక అంకె. రోడ్డు వెడల్పు చేస్తారట. ఆ గీత దాకా పోతుందట. అంటే అరుగూ, ముందు గదీ మొత్తం. "బోర్డు మీద నోటీసు పెట్టి నెల దాటిందమ్మా," అన్నాడు టేపు పట్టుకొచ్చినాయన. "ఆ బోర్డు కాడ నాకేం పని నాయనా?" అంది అమ్మమ్మ. ఆయన దగ్గర దానికి జవాబు లేదు. అప్పుడు నాకు పదేళ్లు.

డిగ్రీ చదివే రోజుల్లో డగ్లస్ ఆడమ్స్ రాసిన 'ది హిచ్ హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' చేతికొచ్చింది. చాలా నవ్వొస్తుందని చెప్పి ఇచ్చారు. నవ్వొచ్చింది కూడా. కానీ మొదటి అధ్యాయంలో ఒకచోట ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఆర్థర్ డెంట్ అనే మామూలు మనిషి పొద్దున్నే లేచేసరికి ఇంటి ముందు బుల్‌డోజర్. బైపాస్ రోడ్డు కోసం ఇల్లు కూల్చాలి. ప్లాను తొమ్మిది నెలలుగా ఆఫీసులో అందరికీ అందుబాటులోనే ఉందంటాడు కౌన్సిల్ మనిషి ప్రాసర్. ఉంది, నిజమే. దీపాల్లేని నేలమాళిగలో, వాడకంలో లేని మరుగుదొడ్డిలో, తాళం వేసిన బీరువా అడుగు అరలో ఉంది. తలుపు మీద చిరుతపులి ఉంది జాగ్రత్త అని బోర్డు.

ఆ బోర్డు ఎక్కడుందో నాకు తెలుసనిపించింది.

కామిక్ సైన్స్ ఫిక్షన్ అంటే మనకు రాకెట్లూ, రోబోలూ, పచ్చ రంగు జీవాలూ గుర్తొస్తాయి. ఇళ్లు గుర్తురావు. కానీ ఈ తరహా సాహిత్యంలో నాకు బాగా నచ్చిన మూడు చోట్ల కథంతా ఒక ఇంటి చుట్టూనే తిరుగుతుంది. ఆ మూడు ఇళ్లనీ వరసగా పెట్టి చూస్తే, ఇరవయ్యో శతాబ్దం ఇంటి గురించి ఏమనుకుంటూ వచ్చిందో కొంత తెలుస్తుంది.

మొదటిది 1941 నాటిది. రాబర్ట్ హైన్‌లైన్ 'అండ్ హీ బిల్ట్ ఎ క్రుకెడ్ హౌస్' అనే కథ. లాస్ ఏంజెలెస్‌లో క్వింటస్ టీల్ అనే ఆర్కిటెక్టుకి ఒక వెర్రి ఆలోచన వస్తుంది. నాలుగు కొలతల ఘనాన్ని విప్పి పరిచిన ఆకారంలో ఇల్లు కట్టాలి. గదులు ఎనిమిది, నేల మీద ఆనేది మాత్రం ఒక్క గది. జాగా ఖర్చు ఎంత మిగులుతుందో చూడండి! కట్టేశాడు కూడా. ఆ రాత్రి భూకంపం వచ్చి ఇల్లు తనలోకి తనే మడుచుకుపోయింది. బయటికి కనిపించేది ఒక్క గదే, లోపలికెళ్తే ఎనిమిదీ ఉన్నాయి. ఒక గదిలో నడుస్తుంటే ముందు పోతున్న మనిషి వీపు కనిపిస్తుంది, తీరా అది తన వీపే. చివరికి వాళ్లు ఒక కిటికీలోంచి దూకితే తేలింది ఎడారిలో. ఇల్లు మాయం. అంత జరిగినా టీల్ మళ్లీ ఇంకో కొత్త డిజైన్ గురించి మొదలుపెడతాడు.

ఇక్కడ ఇల్లంటే ఒక ప్రయోగం. భవిష్యత్తు మీద బోలెడు నమ్మకం. ఇల్లు పాడైతే తప్పు భూకంపానిది, ఇంకోటి కట్టుకుంటే సరి. ఇంట్లోవాళ్లు ఏమయ్యారన్నది కథకి పెద్ద పట్టింపు కాదు.

అక్కణ్ణుంచి ఆర్థర్ డెంట్ ఇంటికొస్తే గాలి పూర్తిగా మారిపోతుంది. 1978 మార్చి 8 రాత్రి బీబీసీ రేడియో 4లో ఈ కథ మొదలైంది. నవల మరుసటి ఏడాది వచ్చింది. మధ్యలో ఇంగ్లండ్ చాలా చూసింది. 1970లో లండన్‌లో వెస్ట్‌వే అనే ఎత్తైన రోడ్డు తెరిచారు. అది కొన్ని ఇళ్ల పడకగదుల కిటికీలకు అడుగుల దూరంలోంచి పోతుంది. ప్రారంభోత్సవం రోజునే ఆ ఇళ్లవాళ్లు నిరసన బ్యానర్లు కట్టారు. లండన్ చుట్టూ వలయాలుగా వేయాలనుకున్న రింగ్‌వేల పథకం జనం వ్యతిరేకతతో 1973లో ఆగిపోయింది. అదే ఏడాది రోడ్ల రొదకు కూడా నష్టపరిహారం ఇచ్చే చట్టం వచ్చింది. ఆ దశాబ్దం నడుమ రోడ్ల మీద జరిగే బహిరంగ విచారణల్లో జనం లేచి గొడవ చేసేవాళ్లు. వాళ్లు అడిగింది ఒకటే: రోడ్డు వేయాలని ముందే తేల్చేశాక ఇంక విచారణ దేనికి? ఆ రోజుల్లో రేడియో వింటున్న వాళ్లకి బుల్‌డోజర్ ముందు బురదలో పడుకున్న ఆర్థర్ ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ ఇంటికి సుమారు ముప్పై ఏళ్లని నవల చెబుతుంది. లెక్కేస్తే 1948 ప్రాంతంలో కట్టింది. బ్రిటన్‌లో 1947 టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం అమల్లోకి వచ్చింది సరిగ్గా 1948 జులైలో. నేల నీదే అయినా దాని మీద ఏం కట్టాలో ప్రభుత్వ అనుమతి ఉండాలన్నది ఆ చట్టంతోనే స్థిరపడింది. అంటే ఇల్లూ, దాన్ని కూల్చే కాగితమూ దాదాపు ఒక ఈడువి. ఆడమ్స్ ఇది అనుకునే రాశాడని నేననను. కానీ చరిత్ర అలా కూర్చుంది.

ఇంకో విషయం నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఆ ఇల్లు బాగుండదు. ఇటుకల ఇల్లు, ముందువైపు నాలుగు కిటికీలు, అవీ కంటికి ఇంపుగా ఉండవు. కావాలనే అలా రాశాడు. పాత ఇంటిని కాపాడుకోవాలంటే మనం ఏమంటాం? వారసత్వ కట్టడం అంటాం, ఫలానా ఆయన పుట్టిన ఇల్లంటాం, స్తంభాల మీద చెక్కడం చూడండి అంటాం. ఆర్థర్ దగ్గర ఆ వాదనలేవీ లేవు. అక్కడ ఉంటున్నాడు, అంతే. ఉంటున్నానన్న ఒక్కమాట చాలదా అన్నదే ఆ అధ్యాయం అడిగే ప్రశ్న. చాలదని కౌన్సిల్ జవాబు.

కాసేపటికి అదే జవాబు భూమి మొత్తానికీ వస్తుంది. అంతరిక్ష బైపాస్ కోసం వోగన్లు భూమిని కూల్చడానికొస్తారు. ప్లాను యాభై ఏళ్లుగా ఆల్ఫా సెంటారీలో ఉందట, మీరు చూసుకోకపోతే మేమేం చేస్తామంటారు. ప్రాసర్ మాటే, మైకు పెద్దది. భూమి పోయాక ఆర్థర్ ఆ నష్టాన్ని ఊహించుకోవాలని చూస్తాడు. కుదరదు. ఇంగ్లండ్ లేదనుకుంటాడు, బుర్రకెక్కదు. ఆఖరికి ఇంక హాంబర్గర్ అనేదే లేదని తట్టాక స్పృహ తప్పుతుంది. మనిషికి నష్టం చిన్న కొలతలోనే అందుతుంది. అందుకే ఆడమ్స్ భూమికంటే ముందు ఇంటిని కూల్చాడు.

నోటీసు అచ్చువేస్తే చాలు, తెలియజేసినట్టే అన్న పద్ధతి మనకీ ఇంగ్లండ్ దారినే వచ్చింది. 1894లో వాళ్లు చేసిన భూసేకరణ చట్టం మన దగ్గర 2013 చివరిదాకా నడిచింది. గెజిట్‌లో పడితే ఊరికి తెలిసినట్టే లెక్క. గెజిట్ చదివే అమ్మమ్మని మీరెవరైనా చూశారా?

మూడో ఇల్లు 1984లో వచ్చిన నాలుగో నవలలోది. కాలిఫోర్నియా తీరంలో వాంకో ద సేన్ అని పిలిపించుకునే ఒకాయన ఉంటాడు. పళ్లు కుట్టుకునే పుల్లల పెట్టె మీద వాటినెలా వాడాలో సూచనలు అచ్చువేసి ఉండటం చూశాడాయన. ఇంత మతిపోయిన లోకంలో ఉండలేననుకుని ఇంటిని తిరగేసి కట్టుకున్నాడు. బయటి గోడలకి పుస్తకాల అరలూ, పటాలూ; లోపల పచ్చిక, చెట్లు, బెంచీలు. ఆయన లెక్కలో గోడలకి అవతలున్న లోకమంతా పిచ్చాసుపత్రి. ఆ ఇంట్లోకి అడుగుపెడితే ఆసుపత్రి నుంచి బయటపడ్డట్టు. ఇంటిని కాపాడుకోవడం చేతకానప్పుడు, ఏది లోపల, ఏది బయట అన్న మాటనైనా మనమే నిర్ణయించుకోవచ్చన్నమాట. మొదటిసారి చదివినప్పుడు ఇదో చమత్కారం అనుకుని పేజీ తిప్పేశాను.

అదే నవలలో ఆర్థర్ తిరిగొచ్చేసరికి భూమి ఉంటుంది, ఇల్లూ ఉంటుంది. వెనక డాల్ఫిన్ల హస్తం ఉందిలెండి. తలుపు తోస్తే తెరుచుకోదు, లోపల ఎవరికీ అక్కర్లేని ఉత్తరాలు గుట్టపడి అడ్డం. అంతటి ప్రళయం తర్వాత కూడా కాగితం ఆగలేదు.

మా అమ్మమ్మకి డాల్ఫిన్లెవరూ రాలేదు. ఎర్ర గీత దాకా కొట్టేశారు. మిగిలిన సగంలోనే ఆవిడ ఇంకో పదకొండేళ్లు ఉంది. ముందు గది పోయేసరికి దాని లోపలి గోడ వీధి గోడయింది. దీపం గూడు, క్యాలెండర్ మేకు, నా ఎత్తు కొలిచి మామయ్య గీసిన పెన్సిల్ గీతలు, అన్నీ రోడ్డు వైపు తిరిగి ఉండిపోయాయి. సున్నం కొట్టిద్దామంటే వద్దంది. సాయంత్రం వీధిలోకొచ్చి, లారీలు పోతుంటే, ఆ గూట్లోనే దీపం పెట్టేది. "గాలికి ఆరిపోతుంది కదే" అంటే, "ఇదివరకు ఇక్కడే పెట్టేదాన్ని కదా" అనేది.